పుట్టింటి జట్టు

విరామం అయిపోయింది, ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఒక్కొక్కరే మైదానంలోకి వస్తున్నారు, బావగారు మైదానానికి వీపు తిప్పి మళ్ళీ పీట ఎక్కారు, ఇక నలభై అయిదు నిమిషాలపాటు ఆయనకి మళ్ళీ ఆమే కళ్ళు. పదకొండేళ్ళ నుంచీ ఇదే ఉద్యోగం, జీతం లేదు, సెలవు లేదు, రాజీనామా చేసే వీలు అసలే లేదు. ఇనుప కంచెని ఆనుకుని ఎత్తయిన చెక్కపీట, దాని మీద బావగారు, అంటే ఆమె భర్తకి అన్నగారు, ఆయన మెడలో పీపా అంత డోలు, ఎదురుగా మొదటి వరసలో ఏడో కుర్చీలో ఆమె, పక్క కుర్చీలో భర్త, వాళ్ళ వెనక మెట్లు మెట్లుగా పైకప్పు దాకా ఎర్ర మఫ్లర్ల జనం. డోలు కొట్టి పాట అందించే మనిషి ఆట చూడకూడదు, జనాన్ని చూడాలి, ఏ మూల గొంతు సన్నబడుతోందో కనిపెట్టి డోలు అటు తిప్పాలి, అది ఇక్కడి పద్ధతి. అందుకని ముప్పై ఏళ్ళుగా ఒక్క ఆట కూడా మానని ఈ మనిషి తన జట్టు కొట్టిన గోలు ఒక్కటి కూడా కళ్ళారా చూసి ఎరగరు. వెనక ఏం జరిగిందో ఎదురుగా కూర్చున్న ఇంటి మనిషి చేత్తో చెప్పాలి. పిడికిలి పైకెత్తితే మనం గోలు కొట్టినట్టు. అరచెయ్యి బోర్లించి కిందికి దించితే వాళ్ళు కొట్టినట్టు. మామగారు ఉన్నన్నాళ్ళూ ఆయనే చెప్పేవారు, ఆమె పెళ్ళయిన కొత్తల్లోనే ఆయన పోయాక నగలు పెద్దకోడలికీ సైగలు చిన్నకోడలికీ వచ్చాయి. ఆమె మెడలో ఉన్న ఎర్ర మఫ్లరు కూడా మామగారిదే, ఎన్నిసార్లు ఉతికినా దానికి పొగాకు వాసన పోదు.

మనం, వాళ్ళు. ఈ రెండు మాటల మధ్యే ఆమె పదకొండేళ్ళు నలిగింది. అదిగో ఆ మూల, పోలీసుల వరసల నడుమ నాలుగు వందల మంది పసుపు చొక్కాలవాళ్ళని కుదించి కూర్చోబెట్టారే, రైల్లో గంట దూరంలో ఉన్న చిన్న ఊరినుంచి వచ్చినవాళ్ళు, ఆమె వాళ్ళ మనిషి. అది పుట్టింటి జట్టు, ఇది అత్తింటి జట్టు, ఇవాళ ఓడినవాళ్ళు వచ్చే ఏడాది కింది తరగతిలో ఆడుకోవాలి. అత్తింటివాళ్ళకి ఆట సమంగా ముగిసినా చాలు, గండం గట్టెక్కుతుంది. పుట్టింటివాళ్ళు గెలిచి తీరాలి. ఇప్పటిదాకా ఎవరూ గోలు కొట్టలేదు. పరాయివాళ్ళ మధ్య కూర్చుని ఆట చూడటం ఎంత కష్టమో ఆ మూలన కూర్చున్నవాళ్ళకి ఏం తెలుసు, వాళ్ళకి పోలీసులున్నారు, అరుచుకోవడానికి నోళ్ళున్నాయి. ఇక్కడ ఏడుపొస్తే నవ్వాలి, నవ్వొస్తే తల పట్టుకోవాలి, అదీ పక్కవాళ్ళతోపాటే, ఒక్క క్షణం ముందూ కాకూడదు, వెనకా కాకూడదు. ఇలాంటి మనిషిని పట్టించేది అరుపు కాదు, ఆలస్యం. పెళ్ళయిన మొదటి ఏడు పసుపు జట్టు కొట్టిన బంతి స్తంభానికి తగిలి బయటికి పోతే ఆమె నోట్లోంచి అయ్యో అని జారిపోయింది, వరసలో పదిహేను తలలు ఇటు తిరిగాయి, భర్త తడుముకోకుండా, "పల్లీలు నములుతూ నాలిక కొరుక్కుందండీ" అన్నాడు. ఇంటికి వెళ్ళేదాకా ఆమె నాలిక కొరుక్కున్నట్టే మాట్లాడాల్సి వచ్చింది, అత్తగారు పాపం చల్లటి పాలు తెచ్చి పెట్టారు.

ఈల మోగింది. బంతి అటు పోయింది, ఇటు వచ్చింది, ఎర్ర జట్టుకి కార్నర్, ఆమె రెండు వేళ్ళు చూపింది, డోలు జోరందుకుంది, వెనక జనం పాదాలతో తాళం వేస్తుంటే కుర్చీ అదురు వెన్నులోకి పాకుతోంది. ఆ గోలు దగ్గరే, సరిగ్గా ఆ గడ్డి మీదే, పదిహేనేళ్ళ కిందట అన్నయ్య నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళవాడు, పసుపు జట్టుకి ఏడేళ్ళుగా గోల్‌కీపరు. వాన పడుతోంది, ఆఖరి నిమిషం, బంతి ఏమంత జోరుగా కూడా రాలేదు, చిన్నపిల్ల తన్నినట్టు దొర్లుకుంటూ వచ్చింది, అన్నయ్య వంగాడు, అది కాళ్ళ మధ్యనుంచి లోపలికి పోయింది. అంతే, అంతకుమించి ఏం లేదు. తప్పు ఎవరు చెయ్యరు, ఒక వారం నవ్వుకుంటారు, ఆ పై వారం ఇంకొకణ్ణి చూసి నవ్వుకుంటారు. కానీ ఆ రోజు ఈ పీట మీద ఈ మనిషి ఉన్నాడు. తండ్రి చేతులతో చూపించింది చూసి, బంతి ఎటునుంచి పోయిందో అడిగి తెలుసుకుని, డోలు మీద నాలుగు దెబ్బలు వేసి అక్కడికక్కడే పాట కట్టాడు. గేటు తెరిచే ఉంది, రండి బాబూ రండి. పాటంతా ఇంతే, రెండో ముక్క కూడా లేదు, అందుకే మూడేళ్ళ పిల్లకి కూడా వచ్చేసింది. ఆదివారం కట్టిన పాట మంగళవారానికి వాళ్ళ ఊరు చేరింది. రొట్టెల దుకాణంవాడు పాడాడు, బస్సు కండక్టరు పాడాడు, బ్యాంకులో సంతకం పెడుతుంటే గుమాస్తా తల ఎత్తకుండానే ఈల వేశాడు. అన్నయ్య పేరు పోయి గేటు మిగిలింది. ఆమె అప్పుడు చెవుల ఆసుపత్రిలో శిక్షణలో ఉండేది, అక్కడ ఆమెకి కూడా పేరు పోయింది, గేటు చెల్లెలు అయింది. ఆ ఏడాది చివర అన్నయ్య తన చేతి తొడుగులు ఎవరికో ఇచ్చేసి చేపల శీతల గిడ్డంగిలో పనికి కుదిరాడు. ఆ చలిలో ఎవడూ నోరు తెరిచి పాడలేడు కదే, అని నవ్వాడు అప్పుడు.

నవ్వాడు. అన్నయ్య నవ్వే ఆమె కడుపులో మంట. తన పెళ్ళిలో కూడా నవ్వాడు. భర్తని ఆమె ప్రేమించి చేసుకుంది, వినికిడి యంత్రాలు అమ్మే కంపెనీ తరఫున ఆసుపత్రికి వస్తుండేవాడు, మెత్తటి మనిషి, యంత్రం బాగోలేకపోతే బాగోలేదని చెప్పి అమ్ముకోలేక వెళ్ళిపోయేవాడు, అలాంటివాణ్ణి ఎవరు వద్దనుకుంటారు. మీ అన్నగారు ఏం చేస్తుంటారు అని అడిగింది గానీ ఆదివారాలు ఏం చేస్తుంటారు అని అడగలేదు. తెలిసేసరికి హాలు మాట్లాడుకున్నారు, చీరలు కొన్నారు, మనసు ఎప్పుడో ఇచ్చేసింది. పెళ్ళిరోజు అన్నయ్య వేదిక ఎక్కి కొత్త దంపతుల దగ్గరికి వస్తుంటే హాలు వెనకనుంచి డోలు మీద నాలుగు దెబ్బలు వినిపించాయి. సరదాకే. అందరూ సరదాకే అన్నారు. మూడు వందల మంది పాడారు, గేటు తెరిచే ఉంది, రండి బాబూ రండి. అన్నయ్య వేదిక మధ్యలో ఆగాడు, ఒక్క క్షణం నేల చూశాడు, ఆ తరవాత రెండు మోకాళ్ళూ దగ్గరికి చేర్చి, చేతులు చాపి, గేటు మూశానహో అన్నట్టు నిలబడ్డాడు. హాలు విరగబడి నవ్వింది. ఆ మోకాళ్ళు. కొత్త ప్యాంటు, ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు, ఆ రెండు మోకాళ్ళూ ఒకదానికొకటి తగలడం ఆమె మూరెడు దూరంనుంచి చూసింది. గోలు పోయినందుకు కాదు, పాట కట్టినందుకు కూడా కాదేమో, తన అన్నయ్య చేత ఆ మోకాళ్ళు కలిపించినందుకు ఈ మనిషిని వదలకూడదని ఆ పూలదండల వెనకనుంచే అనుకుంది. అనుకుని, వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది.

వాళ్ళకి ఫ్రీకిక్. ఆమె చెవి ముట్టుకుంది, బావగారు అర్థం చేసుకుని డోలు తగ్గించారు, బంతి అడ్డంగా నిలబడ్డ ఆటగాళ్ళ గోడకి తగిలి పైకి లేచిపోయింది, ఆమె చెయ్యి తేలిగ్గా విదిలించింది, ఆయన నవ్వారు. ఎంత చక్కగా నవ్వుతారో. బావగారు చెడ్డవాడైతే బాగుండును, ఎప్పుడో తేలిపోయేది. పాపాయి పుట్టినప్పుడు భర్త ఊళ్ళో లేడు, నొప్పులు మొదలయ్యాయి, బావగారు ఆఫీసునుంచి చెప్పుల్లేకుండా వచ్చి ఆసుపత్రిలో చేర్చి, పద్నాలుగు గంటలు వరండాలో కూర్చున్నారు, టీ తాగడానికి కూడా లేవలేదని నర్సు చెప్పింది. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే, "మా అమ్మాయి కళ్ళుండగా నాకు నా కళ్ళెందుకండీ" అని చూపించుకుంటారు, మరదలు అనరు, అమ్మాయి అంటారు. ఆ రోజు పెళ్ళిలో పాట పాడించింది కూడా ఆయన లెక్కలో ప్రేమే, మనవాడైపోయాడుగా ఇక వేళాకోళం ఏముంది అన్నారు. ఒకసారి, ఒకే ఒక్కసారి, ఆమె వంటింట్లో ఆయనకి కాఫీ ఇస్తూ, అన్నయ్య ఆ పాటవల్లే ఆట మానేశాడు బావగారూ అంది. ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "ఊరుకో అమ్మాయ్, పాటకి ఎవరైనా ఆట మానేస్తారా, మోకాలి నొప్పి అన్నారుగా" అన్నారు, కాఫీలో చక్కెర చాల్లేదన్నారు. ఆమె చక్కెర వేసింది. తను ఏం చేశాడో తెలిసినవాడితో తగువు పడొచ్చు, తెలియనివాడితో ఎలా పడతారు, మంచితనం అడ్డం పెట్టుకుని పదకొండేళ్ళు తిరిగాడు ఈ మనిషి, ఒక్క రాయి కూడా తగలనివ్వకుండా.

మొన్న మంగళవారం దాకా. మంగళవారం మధ్యాహ్నం ఆమె పనిచేసే చెవుల ఆసుపత్రిలో అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ చూసి బావగారు వచ్చారు, టోపీ చేతిలో పట్టుకుని, ఎవరో పరాయి రోగిలాగా తలుపు దగ్గర నిలబడ్డారు. చెవులు కొంచెం చూడమ్మా అన్నారు. ఆమె ఆయన్ని చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చేతికి బొత్తం ఇచ్చింది, కూత వినపడినప్పుడల్లా నొక్కమంది, అద్దానికి ఇవతల తన బల్ల దగ్గర కూర్చుని మీట తిప్పింది. అన్నిటికీ నొక్కారు. సన్నటి వాటికీ, చిన్నపిల్లల చెవులకి కూడా అందని వాటికీ నొక్కారు. ఆమెకి అనుమానం వచ్చి, మీట తిప్పినట్టే వేళ్ళు కదిపి, కూత వెయ్యకుండా ఊరుకుంది. ఆయన నొక్కారు. అద్దంలోంచి ఆమె చెయ్యి చూసి నొక్కుతున్నారు. ఆమె చేతికి అట్ట అడ్డం పెట్టి మళ్ళీ మొదటినుంచీ చేసింది, ఈసారి బొత్తం వెలగలేదు, చాలాసేపు వెలగలేదు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవికి ఏదో హోరు తప్ప మాటకీ ఏడుపుకీ తేడా తెలియదు. ముప్పై ఏళ్ళ డోలు. బయటికి వచ్చి కుర్చీలో కూర్చుని, ఆమె పెదవులు చూస్తూ, "ఎవరికీ చెప్పకమ్మా, డోలు తీసేసుకుంటారు" అన్నారు. "యంత్రం పెట్టుకోవచ్చు బావగారూ" అని ఆమె కాగితం మీద రాసింది. "అది పెట్టుకుని పీట ఎక్కితే జనం చూడరూ? నువ్వున్నావుగా, నువ్వు చెయ్యెత్తితే చాలు, ఈ ఏడాదంతా అలాగే లాక్కొచ్చాను" అన్నారు. ఆమె చెప్పనని తల ఊపింది. ఆయన వెళ్ళాక గదిలో ఒక్కతే కూర్చుని, ఆ చప్పుడు చొరని గదిలో తన గుండె తనకే వినపడుతుంటే, ఏం చెయ్యాలో తెలిసిపోయింది. ఏమీ కూడబలుక్కోలేదు, దానంతట అదే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆదివారం పసుపు జట్టు గోలు కొడితే అరచెయ్యి దించదు. పిడికిలి ఎత్తుతుంది. తన జట్టు చచ్చిన క్షణంలో, ఊరంతా చూస్తుండగా, ఈ మనిషి సంబరం డోలు కొడతాడు. ఆ తరవాత ఆయనకి ఎవరో ఒకరు పాట కడతారు, కట్టకుండా ఉంటారా.

డెబ్భై నిమిషాలు. కొట్టండర్రా, ఒక్కటి కొట్టండి, నాకేం ఎక్కువ అక్కర్లేదు. పసుపు జట్టులో పొట్టివాడొకడు ఎడమ పక్కనుంచి పరిగెత్తుకొచ్చాడు, బంతి కంచె మీదుగా జనంలోకి పోయింది. భర్త ఆమె కేసి చూశాడు. "చెమటలు పడుతున్నాయేం, మంచినీళ్ళు తాగుతావా" అన్నాడు. వద్దంది. ఈయనకి తెలుసా, ఏమో, తెలిసినవి తెలియనట్టు ఉండటంలోనే ఈయన సంసారమంతా ఉంది. పొద్దున్న అన్నయ్యకి ఫోన్ చేసినప్పుడు కూడా ఈయన వార్తాపత్రిక తిరగేస్తూ పక్కనే ఉన్నాడు.

"ఇవాళ టీవీలో చూస్తావా అన్నయ్యా?"

"షిఫ్టు వేయించుకున్నానే."

"ఆదివారం కూడానా?"

"గడ్డకట్టిన చేపలకి ఆదివారం ఏమిటే. అది సరే, నీ గొంతేమిటి అలా ఉంది? చూడు, నా కోసం ఏదైనా చేద్దామనుకుంటున్నావేమో, వద్దు. వాళ్ళతో బతకాల్సినదానివి."

"నీ కోసం కాదులే" అంది. అది అబద్ధమనుకునే అంది, ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే అబద్ధం కాదనిపించింది. అన్నయ్య ఎప్పుడో ఆ చలిగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు, నొప్పి గడ్డకట్టించుకున్నాడు. పగ ఆమెది. పదకొండేళ్ళుగా ఈ మఫ్లరు కింద పెట్టుకుని మోసింది, పాపాయికి పాలిస్తూ మోసింది, బావగారి చొక్కాలు ఇస్త్రీ చేస్తూ మోసింది, ఆయన జలుబు చేసి పడుకుంటే మిరియాల పాలు కాచి ఇస్తూ మోసింది, దించడానికి చోటే దొరకలేదు.

ఎనభై రెండు. ఆట మందగించింది, ఎర్ర జట్టువాళ్ళు బంతిని తమలో తామే అటూ ఇటూ తన్నుకుంటూ గడియారం చూస్తున్నారు, సమం చాలు కదా. జనానికి ధైర్యం వచ్చింది, ధైర్యం రాగానే వేళాకోళం వచ్చింది, బావగారు ఆ ముఖాల్లో కాంతి చూసి, డోలు ఎత్తి, నాలుగు దెబ్బలు వేశారు. ఆమెకి ఆ నాలుగు దెబ్బలు వీపు మీద పడ్డట్టే ఉంటుంది ఎప్పుడూ. గేటు తెరిచే ఉంది, రండి బాబూ రండి. పసుపు జట్టుకి ఎవడు గోల్‌కీపరైనా ఇదే పాట, అన్నయ్య ఎవరో కూడా ఎరగని పిల్లలు, అప్పటికి పుట్టని పిల్లలు, తండ్రుల భుజాలెక్కి పాడుతున్నారు. అవతల గోలులో నిలబడ్డ కుర్రాడికి చెవులు ఎర్రబడ్డాయో లేదో ఇంత దూరంనుంచి కనపడదు. పాడాలి, ఆమె కూడా పాడాలి, పాడకపోతే పక్కవాళ్ళు చూస్తారు. పదకొండేళ్ళుగా ఈ పాట వచ్చినప్పుడల్లా ఆమె పెదవులు కదిపింది, గొంతు కలపలేదు, అదొక్కటే తన పరువు అనుకుంది. ఇవాళ గొంతు కలిపింది. గట్టిగా, బావగారి కళ్ళల్లోకి చూస్తూ, ముక్క ముక్కా విడదీసి పాడింది. ఆయన మురిసిపోయి ఆమె వైపు డోలు వంచారు, శభాష్ అన్నట్టు కర్ర ఊపారు. పాడించుకో, ఇంకో ఎనిమిది నిమిషాలు పాడించుకో.

ఎనిమిది నిమిషాలూ అయిపోయాయి. అదనంగా మూడు నిమిషాలిచ్చారు. అందులో రెండు కూడా అయిపోయాయి. అయిపోయింది, ఇక ఏమీ జరగదు, సమంగానే ముగుస్తుంది, ఆయన పీట దిగుతారు, అందరూ ఆయన్ని ఎత్తుకుంటారు, ఇంటికి వెళ్ళి కూర వేడిచెయ్యాలి, మళ్ళీ వచ్చే ఏడాది, మళ్ళీ పొగాకు వాసన మఫ్లరు, తనకి కళ్ళు మండుతున్నాయని తెలిసి ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది. అప్పుడు ఆ పొట్టివాడే, బంతి ఎవరి కాలిదో కూడా తెలియని గుంపులోంచి బయటపడి, పెద్ద జోరుగా కూడా కాదు, మూలకి నెట్టాడు. వల కదిలింది. అవతలి మూలన నాలుగు వందల పసుపు చొక్కాలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డాయి, ఆమె వెనక ఎర్ర జనంలోంచి ఒక మూలుగు లేచింది, గోలే అన్నట్టు రిఫరీ మధ్య గీత వైపు చెయ్యి చూపాడు. బావగారు కర్ర గాలిలో ఆపి ఆమెనే చూస్తున్నారు.

ఆమె పిడికిలి ఎత్తింది.

ఆయన మొహం విప్పారింది, కర్ర దిగింది, సంబరం డోలు మొదలయింది. రెండు దెబ్బలు, నాలుగు దెబ్బలు, ఆరు. తరవాత ఆయన కళ్ళు ఆమె తల మీదుగా వెనక్కి వెళ్ళాయి. జనం తలలు పట్టుకున్నారు, గోలు కొట్టినప్పుడు కూడా పట్టుకుంటారు, కొందరు ఏడుస్తున్నారు, అప్పుడూ ఏడుస్తారు, నోళ్ళు తెరిచే ఉన్నాయి, ఆయన ఎడమ చెవిలో ఏదో హోరు ఉండే ఉంటుంది. అయినా ముప్పై ఏళ్ళుగా ముఖాలు చదివిన మనిషి. కనుబొమలు ముడిపడ్డాయి. దెబ్బ నెమ్మదించింది. ఆయన మళ్ళీ ఆమె వైపు చూశారు, పెదవులు కదిలాయి, అడిగిందేమిటో ఆమెకి తెలిసింది. "మనదేనా అమ్మాయ్?"

ఇప్పుడు దించొచ్చు. పొరపాటయింది బావగారూ, కంగారులో చెయ్యి లేచిపోయింది అంటే ఆయన నమ్ముతారు, ఇంటికి వెళ్ళాక నవ్వుకుంటారు కూడా. ఇంకా ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. ఇప్పుడు కూడా దించొచ్చు. ఆమె ఆయన కళ్ళల్లోకి సూటిగా చూసి, మనదే అన్నట్టు తల ఊపింది, పిడికిలి ఇంకా పైకెత్తింది.

అన్ని వేల ముఖాలు ఒకటి చెబుతుంటే ఆయన ఆమె చేతిని నమ్మారు. ముడి విడిపోయింది, ఎక్కడలేని సంతోషమూ ఆ ముఖంలోకి వచ్చేసింది, డోలు భుజం దాకా ఎత్తి కొట్టారు, జనాన్ని కూడా పాడమని కర్రతో అదిలించారు. ఎవరూ పాడలేదు. ఎర్ర వరసలంతటా ఆ డోలు ఒక్కటే మోగింది. మొదట పసుపు మూలలోంచి ఒక నవ్వు లేచింది, ఆ తరవాత మరి నాలుగు, ఆ తరవాత ఆ మూలంతా, ఎర్ర వరసల్లో కూడా ఎవడో ఫోన్ పైకెత్తాడు, పైవరసనుంచి ఎవరో, "ముసలోడికి మతిపోయిందిరా" అన్నారు.

భర్త ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో.

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా? దించు."

ఆమె దించలేదు.

"మా అన్నయ్యకి వినపడదు, నాకు తెలుసు. దించవే, నీకు పుణ్యం ఉంటుంది."

"మన పెళ్ళిలో మీరు కూడా పాడారు" అంది ఆమె. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ మాట బయటికి వచ్చింది. "నా పక్కనే నిలబడి, నా చెయ్యి పట్టుకుని, పాడారు."

మణికట్టు మీద అతని వేళ్ళు వదులయ్యాయి. పీట మీద బావగారు ఆమె ఒక్కదాన్నే చూస్తూ, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ, ఇంకా గట్టిగా కొడుతున్నారు.